చిన్ని కంట్లో గొట్టం

కూతురు చిన్ని తల ఒళ్ళో పెట్టుకుని, కింది రెప్ప లాగి, ఒక్క చుక్క మందు వేసి, ముక్కు పక్కన వేలితో నొక్కి పట్టుకోవాలి. భువనకి ఇది ఏడాదిగా అలవాటైన పని. నాలుగేళ్ళ పిల్ల గింజుకుంటుంది, తిడుతుంది, చివరికి అలిగి పడుకుంటుంది. గ్లాకోమా వల్ల కంట్లో నీటి ఒత్తిడి పెరిగిపోతుంటే నిరుడు బంజారా హిల్స్‌లో ఆపరేషన్ చేసి సన్నటి గొట్టం పెట్టారు. దాని చివరి బిళ్ళ కంటి పైపొర కింద ఉంటుంది. నీరు అక్కడికి పోయి ఇంకాలి. ఇప్పుడు ఇంకడం లేదు. మళ్ళీ ఆపరేషన్ చెయ్యాలి, లేకపోతే చూపు దక్కదు.

"చుక్కలు వేళకి వేసుంటే ఇలా అయ్యేదా?" అంది అత్తగారు నాగేశ్వరి. ఆవిడ ఒక్క పూటైనా సీసా మూత తీసిన పాపాన పోలేదు. "అమ్మ అన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు కో-డైరెక్టరైన భర్త సాయిశ్రీనివాస్, షూటింగ్ నుంచి ఫోన్లో. భువన డబ్బింగ్ ఆర్టిస్టు. ఫిల్మ్‌నగర్‌లో ఎందరో హీరోయిన్ల ఏడుపులు ఆమెవే. ఈ చుక్కల కోసమే ఆ పని మానుకుంది. ఇవాళ పొద్దున డాక్టర్ స్ఫూర్తి ఎదుట కూర్చుని, నావల్లేనా అని తనే అడిగింది.

"మీవల్ల కాదమ్మా. పిల్లల ఒంట్లో గాయం జల్దీ మానుతుంది, గట్టిగా మానుతుంది. బిళ్ళ చుట్టూ మచ్చలాగా మందంగా పొర కట్టేసింది. ఇంక నీళ్ళు ఎట్ల ఇంకుతాయి? కొందరికి కన్ను పెరిగేకొద్దీ గొట్టం కూడా జరుగుతుంది. చుక్కలు మీరు ఇంకెంత మంచిగా వేసినా ఇది ఆగేది కాదు."

భువన ఏడవలేదు. పిల్ల ఒళ్ళు తనకు చేతనైనంత బాగా మానింది, అదే చేటు చేసింది. ఇందులో తప్పెవరిదని వెతకడానికే లేదు. ఇన్నాళ్ళూ తనలోనే వెతుక్కున్నందుకు మాత్రం ఆమెకు కోపం వచ్చింది.

ఇంటికొచ్చి అదే చెప్పింది.

"తల్లి మనసు కష్టపెట్టకూడదని డాక్టర్లు అలాగే అంటార్లే," అంది నాగేశ్వరి.

భోజనానికొచ్చిన సాయిశ్రీనివాస్ నెమ్మదిగా అన్నాడు. "పోనీ భువనా, సరిగ్గా చూసుకోలేకపోయానని అమ్మకో సారీ చెప్పెయ్. గొడవ వదిలిపోతుంది. నీకదో లెక్కా?"

నిజమే, లెక్క కాదు. తెర మీద పెదవులు కదిలితే చాలు, ఎవరి తప్పుకైనా వెక్కివెక్కి క్షమించమనగలదు. సౌండ్ ఇంజనీరు చాలనగానే కళ్ళు తుడుచుకుని టీ తాగగలదు.

భువన చుక్కల సీసా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"చెయ్యని తప్పుకి ఏడవడం నా వృత్తేనండీ. కాకపోతే స్టూడియోలో దానికి డబ్బులిస్తారు. సాయంత్రం అక్కడికే వెళ్తున్నా. చుక్కలేసే ముందు చేతులు కడుక్కోండి."