కుట్టుమిషను అడుగున చిల్లుకాణీలు

రేపల్లెలో కుట్టుమిషన్లు బాగుచేసే శాలేమురాజు దుకాణానికి ఆ మంగళవారం ఒక పాత తొక్కుడు మిషను వచ్చింది. అమృతలూరులో జాకెట్లు కుట్టే రంగమ్మ దాన్ని ఆటోలో వేయించుకుని తెచ్చింది. తొక్కితే గడగడలాడుతోందట. ఆవిడ వెళ్లాక అతను అడుగు బోల్టులు విప్పాడు. వాటికి వాషర్లుగా వేసినవి నాలుగు చిల్లుకాణీలు! మసి తుడిస్తే కిరీటం, 1944 అనే అంకె బయటపడ్డాయి. మూడింటికి చిల్లు నడిమధ్యనే ఉంది. నాలుగోదానికి పక్కకు జరిగి, ఒకవైపు సన్నటి అంచే మిగిలింది.

పాత నాణేలకు లక్షలిస్తామనే వీడియోలు అతను చాలా చూశాడు. ఒకదాంట్లో ఉన్న నంబరుకు ఫోటో పంపి ఫోన్ చేశాడు.

"చిల్లు పక్కకుందా అన్నా? ఏడు లక్షలు! ముందు రిజిస్ట్రేషనుకి రెండు వేలు కొట్టండి" అన్నాడు అవతలివాడు.

కొత్త వాషర్లు వేసేస్తే రంగమ్మకు తెలిసే అవకాశమే లేదు. ఆ ఆలోచన తనకు అంత తేలిగ్గా వచ్చినందుకే శాలేమురాజుకు భయమేసింది. డబ్బు పంపలేదు. మర్నాడు నాణేలు జేబులో వేసుకుని బాపట్ల బస్సెక్కాడు.

బాపట్లలో వెంకటరాఘవయ్య అనే రిటైర్డు మాస్టారు నలభయ్యేళ్లుగా నాణేలు పోగుచేస్తున్నారు. ఆయన భూతద్దం పెట్టి చూశారు.

"ఈ మూడూ మామూలువేనయ్యా. యుద్ధం రోజుల్లో లోహం కలిసొస్తుందని చిల్లుపెట్టి కుప్పలు తెప్పలుగా కొట్టారు. ఇవి అరిగిపోయాయి కూడా. ఒక్కోదానికి ముప్ఫయ్యో నలభయ్యో వస్తే గొప్ప."

"మరి ఇదండి?"

మాస్టారు దాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పారు. "ఇదే తేలట్లేదు. టంకశాలలోనే చిల్లు పక్కకు పడుంటే విలువుంటుంది. తర్వాతెవరో బోల్టు కోసం ఆకురాయితో అరగదీసుంటే చెత్త కిందే లెక్క. లోపలి అంచంతా రాపిడికి పోయింది. నేను చెప్పలేను."

"ఫోనులో ఏడు లక్షలన్నాడండి."

"ముందు నిన్నే కట్టమన్నాడా?"

"అవునండి."

"కొనేవాడు డబ్బిస్తాడా, అడుగుతాడా?"

అక్కణ్ణుంచి రైల్లో తెనాలి వెళ్లాడు. అక్కడ ఒక పాత సామాన్ల కొట్టాయన భూతద్దం కూడా తియ్యలేదు. పక్కచిల్లు కాణీ ఒక్కటీ పట్టుకుని, "మూడు వేలు" అన్నాడు.

శాలేమురాజు ఇంకా గందరగోళంలో పడ్డాడు. మాస్టారికే తేలనిది ఇతనికెలా తెలిసింది? చెత్తయితే మూడు వేలెందుకిస్తాడు? విలువైందయితే మూడు వేలేనా? కాణీ వెనక్కి తీసుకుని వచ్చేశాడు.

సాయంత్రం అమృతలూరులో రంగమ్మ ముందు నాణేలు పరిచి, దాచేద్దామనిపించిన సంగతితో సహా అంతా చెప్పాడు.

"చెప్పకపోతే నాకేం తెలిసేది రాజూ?"

"అందుకేనమ్మా చెప్పింది."

"ఇంతకీ దీని ధరెంతంటావ్?"

"ఏమోనమ్మా."

"అమ్మేస్తే మోసపోతామా?"

"అదీ ఏమోనమ్మా."

రంగమ్మకు నవ్వొచ్చింది. శుక్రవారం ఇద్దరూ తెనాలి వెళ్లారు. కొట్లో ఆవిడే పక్కచిల్లు కాణీ ముందు పెట్టి మాట్లాడింది. "అయిదు వేలిస్తే ఇస్తాం."

కొట్టాయన మారు మాట్లాడకుండా పది అయిదొందల నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.

బయటకొచ్చి ఇద్దరూ ఎండలో నిలబడిపోయారు.

"అంత తొందరగా ఇచ్చేశాడేంటి? పది అడగాల్సిందా?" అంది రంగమ్మ.

శాలేమురాజు వెనక్కి తిరిగి కొట్టు వైపు చూశాడు. కొట్టాయన అప్పుడే ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. అది ఆ నాణెం గురించో, భోజనం గురించో అతనికి అర్థం కాలేదు. రంగమ్మ రెండు నోట్లు అతని చేతిలో పెట్టి, వద్దన్నా వినకుండా బస్టాండు వైపు నడిచింది.