అంచుల దాకా

టీవీ మీద దుమ్ము తుడవడం ఆమె పనే కానీ, టీవీ పెట్టడం మాత్రం ఆమె పని కాదు. రిమోట్ ఎప్పుడూ హాల్లో మామగారి దిండు పక్కనే ఉండేది. ఆయన పొద్దున్నే వార్తలు పెట్టుకుని, చూసి, విసుక్కుని, చదివే వాళ్ళని నాలుగు తిట్టి, నడకకని బయలుదేరి, అట్నుంచి అటే స్నేహితుల కబుర్లలో పడి భోజనం వేళకు ఇల్లు చేరేవారు. ఆ మధ్యలో అంత పెద్ద తెర ఏ పనీ లేకుండా గోడకి వేలాడుతూ ఉండేది. ఆ కాస్త ఖాళీలో ఆమె తన ల్యాప్‌టాప్‌ని దానికి తగిలించుకునేది.

ఆమెది డీటీపీ పని, పుస్తకాలకి పేజీలు కడుతుంది. ఎవరో రాసినవీ ఎవరో గీసినవీ తెచ్చి, ఏది ఎక్కడ కూర్చుంటే చదివేవాళ్ళ కంటికి హాయిగా ఉంటుందో చూసి కూర్చోబెడుతుంది. ల్యాప్‌టాప్ తెర చిన్నది. ఎదురెదురు పేజీలు రెండూ తెరిస్తే అక్షరాలు చీమల బారులయ్యేవి. కళ్ళు లాగి, మెడ పట్టేసి, "ఈ వయసుకే కళ్ళజోడా అమ్మాయ్!" అని అత్తగారు ముక్కున వేలేసుకున్నాక, వెళ్ళి ఒక వైరు కొనుక్కొచ్చి టీవీకి పెట్టుకుంది. రెండు పేజీలూ తెర నిండా పరుచుకున్నాయి. అంతలా పొంగిపోయానని చెబితే నవ్వుతారని ఆ సంతోషం ఎవరికీ చెప్పలేదు.

ఒక్కటే చిక్కొచ్చింది. పేజీల అడుగున ఉండాల్సిన అంకెలు కనిపించలేదు. ఎంత వెతికినా లేవు. చివరికి తెలిసిందేమిటంటే, ఆ టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి, నాలుగు వైపులా అంచులు మింగేస్తోంది. రిమోట్‌తో మెనూ అడుగున ఎక్కడో దాక్కున్న సెట్టింగు వెతికి పట్టుకుని నొక్కితే బొమ్మ లోపలికి జరిగి, అంకెలన్నీ బయటపడ్డాయి. తన తెలివికి తనే మురిసిపోయింది. ఆ మురిపెం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

"వార్తలు చదివే పిల్లేమిటి, ఇలా చిక్కిపోయింది?" అన్నారు మామగారు. "మొహం ఇంతే అయిపోయింది. టీవీని ఎవరో ఏదో చేశారు."

భర్త ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నాడు. "పగలు నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. సాయంత్రానికి మాత్రం ఎలా ఉన్నది అలా ఉండాలి. నలుగురు చూసే టీవీ అది."

ఆ నలుగురిలో తనది ఎన్నో లెక్క అని అడగాలనిపించింది. గొడవెందుకని ఊరుకుంది. అప్పట్నుంచి రోజూ పని కాగానే వైరు పీకి, చుట్ట చుట్టి, సొరుగులో పెట్టేది. సెట్టింగు మళ్ళీ పాతదానికే మార్చేది. రిమోట్ దిండు పక్కకి చేర్చేది. మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి ఆ హాల్లో ఎవరో కూర్చుని పని చేశారన్న ఆనవాలు కూడా ఉండేది కాదు.

ఎప్పుడైనా ఆఫీసు మీటింగు ఇంట్లోంచి చేయాల్సివస్తే భర్త కూడా అదే వైరుతో అదే టీవీకి పెట్టుకునేవాడు. ఆ రోజు అత్తగారు మిక్సీ వేసేవారు కాదు. గుసగుసగా మాట్లాడుతూ, తలుపులు నెమ్మదిగా వేస్తూ, మామగారిని సైతం వసారాలోకి తోలేసేవారు. అదే కోడలు పేజీలు కడుతుంటే, బఠాణీల బుట్ట తెచ్చి ఒళ్ళో పెట్టేవారు. "ఎలాగూ టీవీ చూస్తూ కూర్చున్నావుగా, ఇవి కూడా ఒలిచెయ్." ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు. ఆవిడకి నిజంగానే అలా కనబడేది. అదే ఆమెకి ఎక్కువ బాధగా ఉండేది. ఒలిచిన గింజలు గిన్నెలో వేస్తూ, ఒక్క చేత్తో బొమ్మలు జరుపుతూ, ఎన్ని పుస్తకాలు పూర్తి చేసిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మొన్న ప్రెస్సు నడిపే ఆవిడ ఫోన్ చేసింది. పిల్లల బొమ్మల విజ్ఞాన పుస్తకం, పెద్ద పెద్ద పేజీలు, నెలల తరబడి పని. "ఇది నువ్వైతేనే బాగా చేస్తావు చెల్లీ. కానీ పూటంతా కూర్చోవాలి, సాయంత్రాలు కూడా. సోమవారంలోగా చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాను." ఆమె ఆ సంగతి భర్త చెవిన వేసింది.

"నీ సరదాకి నేనెప్పుడైనా అడ్డొచ్చానా?" అన్నాడతను, నిజంగానే నొచ్చుకుని. "కానీ నాన్నకి ఉన్నదల్లా ఆ టీవీ ఒక్కటే. ఇంకో తెర కొందామన్నా పెట్టడానికి చోటేదీ? చిన్న పనులేవో ఉంటాయిగా, అవి చేసుకో."

చిన్న పనులు. చిన్న తెర. ఆమె రెండు రోజులు ఆలోచించి, ఆదివారం పొద్దున ప్రెస్సావిడకి 'ఈసారికి వీలుపడదక్కా' అని ఫోన్లో టైపు చేసింది. పంపడానికి వేలు ఆడలేదు. ఈలోగా గంట మోగింది. ఆడపడుచూ ఆమె భర్తా వచ్చారు.

అత్తమామల పెళ్ళిరోజు ఫోటోలు అందరూ కలిసి చూద్దామని భర్త తన ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించాడు. టీ కప్పుల ట్రేతో ఆమె హాల్లోకి వచ్చేసరికి తెర మీద అందరూ వరసగా నిలబడ్డ పెద్ద ఫోటో ఉంది. తనే కెమెరాకి టైము పెట్టి, పరుగున వెళ్ళి చివర చేరిన ఫోటో.

"భలే వచ్చింది!" ఆడపడుచు చప్పట్లు కొట్టింది. "అందరం పడ్డాం. ఒక్కరూ తప్పలేదు."

"ఎంత నిండుగా ఉందో," అన్నారు అత్తగారు. "పెద్దది చేయించి గోడకి పెట్టిద్దాం."

ఆమె ఫోటోలో తనని వెతుక్కుంది. కనిపించలేదు. ముందు పేజీలు కట్టే అలవాటే పలికింది. కుడివైపు అంచు తెగింది, అనుకుంది. ఆ అంచులోనే తనుందని ఆ తర్వాత తట్టింది. ట్రే పట్టుకుని అలాగే నిలబడింది. తనేదని ఎవరో ఒకరు అడుగుతారు కదా, భర్త అయినా అంటాడు కదా అని చూసింది. "అవును, నిండుగా ఉంది," అన్నాడతను, కప్పు అందుకుంటూ.

కోపం వచ్చింది. వచ్చిన కోపం వాళ్ళ మీదికి వెళ్తుందనుకుంటే తన వైపే తిరిగింది. నిన్న మధ్యాహ్నం ఆ సెట్టింగు పాతదానికి మార్చింది ఎవరు? మొన్న? అంతకుముందు? వద్దన్నది వాళ్ళే, నిజమే. కానీ రోజూ, మర్చిపోకుండా, శ్రద్ధగా, ఆ అంచు కోసేది తన చెయ్యే.

ట్రే బల్ల మీద పెట్టింది.

"రిమోట్ ఇలా ఇవ్వండి మామయ్యగారూ."

ఆయన తెల్లబోయి ఇచ్చేశారు. ఆమె వెతుక్కోకుండానే టకటకా నొక్కింది. బొమ్మ కొంచెం లోపలికి జరిగింది. కుడి చివర, జుట్టు చెదిరి, ఒక కాలు ఇంకా గాల్లోనే ఉండి, పకపకా నవ్వుతున్న మనిషి బయటపడింది.

"అయ్యో, వదినా! నువ్వూ ఉన్నావే," అంది ఆడపడుచు చిన్నబోయి.

"ఏదో సెట్టింగులే," అన్నాడు భర్త. "సరే, చూశాంగా. మళ్ళీ మామూలుగా పెట్టెయ్."

"ఇదేనండీ మామూలు," అందామె. గొంతు ఇంత నిమ్మళంగా వస్తుందని తను కూడా అనుకోలేదు. "ఇకమీదట ఇలాగే ఉంటుంది. రేపట్నుంచి సాయంత్రాలు కూడా ఇక్కడే పని చేసుకుంటాను. మామయ్యగారి వార్తల వేళకి లేచి ఇచ్చేస్తాను."

మామగారు తెర దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, చివరిదాకా చూశారు. "మొహాలేమీ చిక్కలేదే," అని గొణిగి వెనక్కి వచ్చి కూర్చున్నారు. భర్త చెల్లెలి వైపు చూసి, టీ తాగాడు.

ఆమె అక్కడే కూర్చుని, ఫోన్ తీసి, పొద్దున్న టైపు చేసింది చెరిపేసి, ప్రెస్సావిడకి ఫోన్ చేసింది. అందరూ వింటున్నారు. విననిచ్చింది.

"ఆ పుస్తకం నేను చేస్తున్నానక్కా."

"మంచిమాట చెప్పావు చెల్లీ! మరి దీనికి పెద్ద తెర కావాలిగా, దొరికిందా?"

"ఇంట్లో ఉన్నదేనక్కా," అందామె, రిమోట్ ఒళ్ళోనే పెట్టుకుని. "రోజూ నేనే దుమ్ము తుడుస్తున్నాను."