ఘాటు మైసమ్మకు పెట్టని దండం

మా బావ కొమురెల్లి లారీ రేడియేటరు జాలీలో జొన్నాకులు ఇరుక్కొని ఉన్నయి. ముందుగాల చూసింది మా అక్క సారక్క. తెల్లారి లారీ ఇంటి ముందర ఆగినంక, అద్దం తుడుద్దామని తడిబట్ట పట్టుకొని పోయింది. నిర్మల్‌లో వాళ్ల ఇల్లు రోడ్డుకు ఆనుకొనే ఉంటది. నేను బి.ఏ. చదివి అక్కడి బడిలో పంతులుగా చేరిన కొత్త. వాళ్ల ముందరి అర్రలోనే ఉంటుంటిని.

"రోడ్డు మీద పోయే లారీకి జొన్నాకు ఎట్ల అంటింది?" అని అడిగింది అక్క.

బావ వేపపుల్ల నములుకుంట, "గాలికి కొట్టుకొచ్చిందేమో" అన్నడు.

"కంకి గూడ గాలికే వచ్చిందా?" అని జాలీలోంచి సగం విరిగిన కంకి తీసి ఆయన ముందర పెట్టింది.

అప్పుడు చెప్పిండు. దిలావర్‌పూర్ దాటినంక కన్ను మూతపడ్డదట. తెలివి వచ్చేసరికి లారీ జొన్నచేను నడుమ ఉన్నదట. చేనులో మనిషి లేడు, గొడ్డు లేదు, కాబట్టి ఏమీ కాలేదు. మనిషి ఉంటే ఎట్లుండె అన్న మాట మా ముగ్గురి మనసులో మెదిలింది. బావ ఆ కంకిని చేతిలో తిప్పుకుంట, "ఇది మొదటిసారి కాదే. మొన్న ఎండకాలంల మైలురాయికి తాకించిన. నీకు చెప్పలే" అన్నడు.

ఆయన తోలే లారీ భైంసాలో పత్తి మిల్లు ఉన్న అంబదాస్ సేటుది. పత్తి కాలంలో ఇచ్చోడ దిక్కు పల్లెల నుంచి పత్తి నింపిన గోనె బోరాలు ఎత్తుకొని, నిర్మల్ మీదుగా భైంసాకు చేర్చాలె. పగలు నింపుడు, రాత్రి తోలుడు. పెండ్లి కాకముందు నుంచీ ఆయనకు అదే పని.

"సర్కారు బస్సులకు డ్రైవర్లను తీసుకుంటున్నరు బావా. పొద్దున పోయి పొద్దుగూకేసరికి వస్తవు. నిద్ర ఇంట్లనే" అన్న నేను.

"బస్సు తోలుడు గూడ ఒక తోలుడేనా బామ్మర్దీ? గంట కొడితే ఆగాలె, గంట కొడితే పోవాలె. మా లారీలోళ్లం దాన్ని మేకలు కాసుడంటం. మేకలన్న చిల్లర అడుగవు."

"చేన్లల్ల పండుకునుడుకన్న మేకలు కాసుడు నయం" అన్నది అక్క.

బావకు ఇంకో ఆశ ఉండె. సేటు కొత్త బెంజి లారీ కొంటున్నడు. తాళం నీకే ఇస్తనని మాట ఇచ్చిండు. కొత్త లారీకి మొదటి డ్రైవరు కావడమంటే ఆ పనిలో అంతకు మించిన మర్యాద లేదు. బావ కొన్ని రోజులు అటూ ఇటూ ఊగిండు. ఆఖరికి ఒకనాడు అన్నం ముందర కూర్చొని, "కండ్లు మూసుకుంటే జొన్నలే కనవడుతున్నయి. పోదాం పా, ఆ కాయితం ఏదో రాయి" అన్నడు. నేను దరఖాస్తు రాసిచ్చిన.

ఇక్కడ ఘాటు సంగతి చెప్పాలె. నిర్మల్ నుంచి అదిలాబాద్ పోయే తొవ్వలో గుట్టల మీదికి ఎక్కి దిగే రోడ్డు ఉన్నది. పైన మలుపు కాడ మైసమ్మ. గుడి లేదు, గోపురం లేదు. కుంకుమ పూసిన రాయి, దాని ముందర ఎండిన నిమ్మకాయలు. బరువుతో దిగే ఏ లారీ డ్రైవరైనా ఆమెకు దండం పెట్టకుండ ముందుకు పోడు. దండం పెట్టినంక ఇంకో పని గూడ చేస్తడు. గేరు తీసి న్యూట్రల్ వేస్తడు. బండి తన బరువుతో తానే జారుకుంట కిందికి పోతది. డీజిలాయిలు ఖర్చు కాదు. మిగిలిన ఆయిలు డ్రైవరుదే అన్నది లారీల కాడ ఉన్న రివాజు. సేట్లకు ఎరికే, అయినా ఏమనరు. అయితే గేరు లేని బండిని ఆపేది బ్రేకులే, ఇంజను పట్టు ఉండదు. ఘాటు కింద లోయలో పాత లారీల ఇనుము ఇప్పటికీ కనవడుతది.

"ఆయిలు కోసమే అనుకోకు" అని ఒకసారి బావ నాతో అన్నడు. "న్యూట్రల్ ఏసినంక ఇంజను గొంతు పడిపోతది సూడు, గప్పుడు అడివి ఇనవడుతది. నెమళ్లు, నీళ్లు, అన్ని. లారీ తోలేటోనికి చెవులు ఉన్నయని గా ఒక్క జాగల్నే యాదికొస్తది."

బస్సు తోలే పరీక్ష నాడు బావ ఉతికిన అంగీ వేసుకొని పోయిండు. మధ్యాహ్నానికే తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నడు. ఆయన అవ్వ, అంటే తల్లి, దేవవ్వ మంచినీళ్లు ఇచ్చింది. నీళ్లు తాగి, చెంబు పక్కన పెట్టి చెప్పిండు.

"ఎక్కుడు మంచిగనే ఎక్కిన. మలుపుల కాడ పక్కన కూసున్న సాబు తల గూడ ఊపిండు. పైన బస్సు తిప్పి దిగుడు షురూ చేసినం. మైసమ్మ వచ్చింది, దండం పెట్టిన. జర దూరం పోయినంక సాబు ఆపుమన్నడు. ఆపిన. ఏం చేసినవు అన్నడు. ఏం చేయలే సాబ్ అన్న. గేరు చూడు అన్నడు. చూసిన. న్యూట్రల్ల ఉన్నది."

"నువ్వే ఏసినవు కద?" అన్నది అక్క.

"నేనే ఏసి ఉంట. ఇంకెవలు ఏస్తరు? గని ఆ చేయి నన్ను అడగలే."

పరీక్ష పెట్టిన సాబు కోపం చేయలేదట. "బోరాలు పడితే మీ సేటు చూసుకుంటడు. మనుషులు పడితే ఎవరు చూసుకోవాలె? పత్తి కాలం అయినంక మళ్ల తీసుకుంటం. అప్పటికి నీ చేయి మరిచిపోతే రా" అని పంపించిండట.

ఈ ముచ్చట లారీలన్నిటికంటే ముందు పోయింది. మర్నాడు రోడ్డు మీది హోటల్లో చాయ తాగుతుంటే, సేటుదే ఇంకో లారీ తోలే అంతయ్య బల్ల మీద చెయ్యి చరిచి నవ్విండు. "ఏం కొమురెల్లీ, దండం పెట్టినా గూడ నౌకరి ఇయ్యలేదట?"

"నీకైతే దండం పెట్టకముందే లేదందురు" అన్నడు బావ. కాని చాయ సగం వదిలేసి లేచిండు.

భైంసాలో సేటు గూడ ఊరుకోలేదు. "కాయ్ ఝాలా, ఏమైంది కొమురెల్లీ? నా లారీ నీకు గంత బరువైందా? దేవుడే ఆపిండు నిన్ను. కొత్త బండి వస్తున్నది, పరేషాన్ కాకు" అన్నడట. ఆ రాత్రి బావ, "నా నొసట బస్సు రాసి లేదు" అని తేల్చేసిండు.

"నొసట కాదు, రోగం చేతుల ఉన్నది" అన్నది అక్క. "నొసలు మారదు గని చేయి మారుతది. ఈ ఐతారం నేను లారీల వస్త. తమ్మీ, నువ్వు గూడ రా. బడి లేదు కద."

"లారీల ఆడిదా?" అన్నది దేవవ్వ.

"బోరాల మీద కాదు అత్తా, ముందర్నే కూసుంట."

ఐతారం నాడు ముగ్గురం ఇచ్చోడ పోయినం. పత్తి నింపుకొని ఎండ ఉండంగనే వెనకకు మళ్లినం. నేను తలుపు పక్కన, అక్క నడుమ కూర్చున్నం. ఘాటు మీదికి వచ్చేసరికి అక్క గేరు గుండు మీద తన చెయ్యి పెట్టుకొని కూర్చున్నది. ఇంజను వేడికి ఆ గుండు కాలుతున్నదని ఆమె ముఖం చూస్తే తెలిసింది గాని చెయ్యి తీయలేదు.

మైసమ్మ మలుపు వచ్చింది. బావ కుడిచెయ్యి ఎత్తి దండం పెట్టి దించిండు. ఆ చెయ్యి స్టీరింగు మీద పడుడు, ఎడమచెయ్యి లేచి వచ్చి అక్క చేతి మీద పడుడు ఒక్కటే సారి. మగ్గం మీద ఒక కాలు లేస్తే ఇంకో కాలు దిగినట్టు. బావ ఉలిక్కిపడ్డడు.

"నువ్వు ఎందుకు పెట్టినవు చెయ్యి?" అన్నడు.

"నువ్వు ఎందుకు పెట్టినవు?"

బావ చెయ్యి తీసి స్టీరింగు మీద పెట్టిండు. లారీ గేరు మీదనే ఊగుకుంట, అరుచుకుంట దిగుతున్నది. వెనుక నుంచి అంతయ్య లారీ హారన్ కొట్టుకుంట వచ్చి, న్యూట్రల్ మీద ఇంజను చప్పుడు లేకుండ మమ్ముల దాటిపోయింది. "మేకలు దిగుతున్నయా కొమురెల్లీ?" అన్న కేక మాత్రం ఇనవడ్డది.

"జర ఆపు" అన్నది అక్క. రోడ్డు వెడల్పుగా ఉన్న కాడ ఆపిండు. నేను దిగి చక్రాల కింద రాళ్లు పెట్టిన.

"తప్పు చేతిది గూడ కాదు. దండం లేస్తనే చేయి లేస్తున్నది. అది వేరు, ఇది వేరు కాదు నీకు. నువ్వు దండం బందు పెట్టాలె" అన్నది అక్క.

బావ స్టీరింగు వదిలి ఆమె దిక్కు చూసిండు. "లారీ మీద కూసోని గా మాట అనకు."

"మనసులోనే మొక్కుకో బావా. చేతులు కదిలియ్యకు" అన్న నేను.

"మనసుల అనుకున్నా లేస్తది బామ్మర్దీ. నీకు తెల్వది. పొద్దుగాల ఎక్కెటప్పుడు చూసుకున్న గద. నాకు మైసమ్మ యాదికొస్తే చాలు, చేయి లేస్తది. ఆమెను మరిచిపోయి దిగాలె అంటుంది మీ అక్క. మరిచి దిగినోళ్లు ఏడున్నరో కిందికి చూడు."

అక్క లారీ దిగి మీదికి నడిచింది. నేను వెంట పోయిన. మైసమ్మ ముందర నిలబడి ఆమె కొంగు నడుముకు చెక్కుకున్నది. పక్కింటి ఆమెతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"తల్లీ, ఆయన దండం ఇయ్యాలటి నుంచి నాది. ఆయన పెట్టడు. నువ్వు ఆయనను అడుగకు, నన్ను అడుగు. ఆయన రెండు చేతులు పనిల ఉండాలె, రేపు బస్సుల ఎనుక మనుషులుంటరు. నా చేతులు ఖాళీగ ఉన్నయని కాదు. నీకోసం ఖాళీ చేస్త. దినాం పొద్దుగూకెముందు గీ దిక్కు తిరిగి పెడుత. తప్పితే నాది తప్పు. ఏడాదికోసారి కోడిని తెస్త."

దండం రెండుసార్లు పెట్టింది. ఒకటి ఆయనదట, ఒకటి తనదట.

ఇంటికి వచ్చినంక దేవవ్వ ఊరుకోలేదు. "పెండ్లాం పెట్టిన దండం మొగనికి చెల్లుతదానే? ఎన్నడన్న విన్నమా?"

"సోమారం సోమారం నువ్వు ఒక్కపొద్దు ఉంటివి గద అత్తా. మామకు చెల్లలేదా? ఆకలి నీది, ఆయుష్షు ఆయనది. గప్పుడు చెల్లినప్పుడు గిప్పుడెందుకు చెల్లదు?"

దేవవ్వ చాటలో బియ్యం కాసేపు అటూ ఇటూ ఆడించింది. "చెల్లింది. గని మీ మామ లారీ తోలలే" అన్నది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

బావ ఆ పత్తి కాలమంతా మైసమ్మకు దండం పెట్టకుండ దిగిండు. మొదటి రోజులలో మలుపు దాటినంక ఒళ్లంతా చెమట పట్టేదట. చెయ్యి స్టీరింగు మీద ఉండి గూడ వేళ్లు కదిలేవట. ఒకటి రెండుసార్లు మళ్ల న్యూట్రల్ పడ్డది గూడ, ఇంటికి వచ్చి ఆ సంగతి అక్కకు చెప్పిండు. ఆయిలు మిగలలేదు. లారీ ఆలస్యంగా చేరుతున్నదని సేటు సణిగిండు. కొత్త బెంజి వచ్చింది. తాళం అంతయ్యకు ఇచ్చిండు. ఆ బండిని పూలదండలతో మా ఇంటి ముందర నుంచే తోలుకపోయిండు అంతయ్య. బావ అరుగు మీద నిలబడి, అది మలుపు తిరిగేదాకా చూసిండు. "ఇంజను మంచిగున్నది" అన్నడు, అంతే.

పత్తి కాలం అయినంక మళ్ల పరీక్షకు పోయిండు. ఆ సాబే. మైసమ్మ కాడ పరీక్షకు వచ్చిన మిగతా ఇద్దరూ చేతులు జోడించిండ్రట. బావ రెండు చేతులతో స్టీరింగు పట్టుకొని రోడ్డునే చూసిండు. సాబు ఒకసారి గేరు దిక్కు, ఒకసారి బావ ముఖం దిక్కు చూసి, కింద దాకా ఎక్కడా ఆపుమనలేదట. వానలు మొదలయ్యేసరికి నౌకరి కాయితం వచ్చింది.

ఇప్పుడు బావ పొద్దున అదిలాబాద్ పోయి సాయంత్రానికి వస్తడు. ఎండ ఎదురింటి గూన పెంకుల మీదికి ఎక్కినప్పుడు అక్క చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టి, ఘాటు దిక్కు తిరిగి దండం పెడుతది. చేతులకు పిండి ఉన్నా సరే.

మొన్న అదిలాబాద్‌లో పని ఉండి, తిరుగుదలలో నేను ఆయన బస్సే ఎక్కిన. మలుపు రాంగనే బస్సంతా చేతులు జోడించింది. డ్రైవరు వెనుక సీటులో కూర్చున్న ఒక ముసలామె ఊరుకోలేదు.

"ఏం డ్రైవరువయ్యా, తల్లికి దండం పెట్టవా? మమ్ముల గిట్లనే దించుతవా?"

"మా ఇంటిది పెడుతది పెద్దవ్వా" అన్నడు బావ రోడ్డు మీంచి చూపు తీయకుండ.

"ఆమెకు జరమొస్తే?"

బావ జర ఆలోచించిండు. "గప్పుడు మా అవ్వ పెడుతది" అన్నడు.

ముసలామె తృప్తిపడ్డదో లేదో తెలియదు, తన కోసం ఇంకోసారి దండం పెట్టుకున్నది. గేరు మీదనే బస్సు దిగుతున్నది. ఇంజను రొదకు పక్కవాళ్ల మాట గూడ సరిగా ఇనవడలేదు. కిటికీ పక్కన అడివి ఉన్నది, అందులో నెమళ్లు ఉండే ఉంటయి.