రాజకుమారి సాక్ష్యం

భావనపాడులో ధనరాజ్ పాస్టరుగారికి రెండు చదువులు. ఒకటి బైబిలు, రెండోది విశాఖలో ఏడాదిపాటు నేర్చుకున్న కౌన్సెలింగు. మనసు చెదిరినవాళ్లకి ప్రార్థనా కావాలి, మందూ కావాలి అని అక్కడ చెప్పారు. ఆయనకది బాగా నచ్చింది. నచ్చడం వేరు, పదిమందిలో నిలబడి చెప్పడం వేరు. మందులేసుకునేవాడిది అరకొర విశ్వాసమని ఆ సంఘంలో పెద్దల మాట.

చేపలమ్ముకునే రాజకుమారి, బిడ్డ పురిట్లోనే పోయాక, తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె మొగుడు లక్ష్ముణ్ణి ఒప్పించి ఆమెను శ్రీకాకుళంలో మనోవ్యాధుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది ధనరాజే. డాక్టరు మాత్రలు రాశాడు. ధనరాజ్ వారంవారం వెళ్లి ఆమె ఏడుపు విన్నాడు, ప్రార్థన చేశాడు. నాలుగు నెలలకు మనిషి లేచి మళ్లీ తట్ట నెత్తికెత్తుకుంది.

ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పింది. "దేవుడు నా మీద సెయ్యేసినాడు. బాగైపోనాను," అంది. మాత్రల ఊసెత్తలేదు. జనం స్తోత్రమన్నారు. ధనరాజ్ నోరు తెరవబోయి మూసుకున్నాడు. పై ఆదివారం కూర్చోడానికి చాపలు చాలనంతమంది వచ్చారు. అది చూస్తే ఏ పాస్టరు కడుపు నిండదు?

రాజకుమారి మాత్రలు మానేసింది.

"సాచ్చం సెప్పీసినాను కదయ్యగారూ. ఇంకా మాత్రలేసుకుంటే దేవుడి మీద అబద్దమాడినట్టు కాదేటి?"

"మందు కూడా దేవుడిచ్చిందేనమ్మా. ఏసుకో."

"అయితే ఆ మాట సర్చీలో సెప్పండి. అందరూ ఇన్నాక ఏసుకుంతాను."

ధనరాజ్ సరేనన్నాడు. ఆదివారం పక్క ఊరినుంచి కొత్తవాళ్లొచ్చారు, వాళ్లముందు ఎలా అనుకున్నాడు. పై ఆదివారం బాప్తిస్మాలు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏ ఒడ్డుకు చేరతాడు? ఆ రెండు వారాలూ ఆమె ముందు వరసలో కూర్చుని ఆయన మొహమే చూసింది. మూడోవారం వెనక్కి వెళ్లి కూర్చుంది. కళ్లు గుంటలు పడ్డాయి. అది దేనికి గుర్తో అంత చదివిన ఆయనకు తెలియక కాదు. వచ్చేవారం తప్పకుండా చెబుదామనుకున్నాడు.

గురువారం పొద్దున రాజకుమారి పోయింది. తన ప్రాణం తనే తీసుకుందని ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

సమాధి దగ్గర ధనరాజ్ అంతా చెప్పాడు. "ఈమెను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది నేనే. ఆ మాత్రలతోనే తేరుకుంది. అదీ దేవుడి పనే. మీరేమంటారోనని నేను దాచాను." ఒక్క మాటా మింగలేదు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండుననిపించింది.

లక్ష్ముడు గుప్పిట్లో మట్టి పట్టుకుని, వెయ్యకుండా గోతిలోకి వంగాడు.

"ఇన్నావేటే, అయ్యగారు అందరిలో సెప్పీసినారు," అన్నాడు. "ఇంక మాత్రలేసుకోయే."