గొంగడి ప్యాకింగ్

డ్రైవరు ఈదయ్యకు లారీ జబ్బు తెలుసు. మందూ తెలుసు. మూడు నెలలుగా కావాలనే వేయలేదు. సూర్యాపేటలో నడిచే ప్రతి బండినీ సర్కారు అండ ఉన్న తుపాకులవాళ్ళు గుంజుకుపోతున్న రోజులవి. ఈ ఒక్కదాన్నే వదిలేశారు. కార్బురేటరు ఇంజనుతో కలిసే చోట ప్యాకింగ్ చిరిగి, దొంగగాలి దూరి, రెండు ఫర్లాంగులకోసారి దగ్గి ఆగిపోయేది. ఓనరు, మిర్యాలగూడ రైసుమిల్లు షావుకారు నాగేశ్వర్ రావు కూడా దాన్ని అట్లనే దగ్గనీ, దక్కుతదన్నాడు.

ఆ పొద్దున చివ్వెంల గొర్లకాపరి బీరన్న తన భార్య సోమమ్మను మంచం మీద మోయించుకొచ్చాడు. రెండు రోజులుగా నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. సూర్యాపేట డాక్టరు ఎప్పుడో ఊరు విడిచి పోయాడు. కోదాడ దాటి సరిహద్దు అవతలి యూనియన్ దవాఖానకు చేరితేనే ప్రాణం. ఎడ్లబండి మీద రేపటికి గాని చేరరు. అందాకా ఆగదని మంత్రసాని తేల్చేసింది.

ఈదయ్య నట్లు విప్పాడు. బెజవాడ నుంచి సరుకు రాక ఆరు నెలలు. సైకిల్ ట్యూబు ముక్క పెట్రోలుకు ఉబ్బి జారిపోతుంది, ఓసారి పెట్టి చూశాడు. అట్ట నిలవదు. సోమమ్మ కప్పుకున్న గొంగడి మీద కళ్ళు పడ్డాయి. చింతగింజల గంజి తాగి తోలులా బిగిసిన ఉన్ని. పెట్రోలు దాన్నేం చేయలేదు. అంచు కోశాడు.

“నా పెండ్లి గొంగడి కోస్తున్నవ్,” అంది సోమమ్మ పళ్ళు బిగపట్టి. “నీ లారీకి గంత సలేస్తున్నదా, ఈదన్నా?”

నవ్వలేకపోయాడు. కాల్చిన మేకుతో బోల్టులకు బెజ్జాలు పొడిచి, ముక్కల్ని ఆముదంలో నానబెట్టి, రెండు పొరలు వేసి బిగించాడు. ఇంజను తిప్పి అతుకు మీద చుట్ట పొగ ఊదాడు. పొగ లోపలికి పోకుండా పక్కకు తేలిపోయింది. దొంగగాలి ఖతం.

దారిలో ఎక్కడా ఆగలేదు. కోదాడ ఇంకా నాలుగు మైళ్ళుందనగా తుపాకులవాళ్ళ కాపలా నాకా వచ్చింది. మూడు నెలల కింద ఇదే లారీని కాలితో తన్ని, తుక్కని వదిలేసిన జమేదారే అక్కడున్నాడు. చెవి పెట్టి విన్నాడు. చోక్ లాగి, పాత జబ్బున్నట్టే ఇంజనును దగ్గించాల్సింది. సోమమ్మ కేకల్లో పడి ఈదయ్య ఆ మాటే మరిచాడు.

జమేదారు బానెట్ ఎత్తించి అతుకు తడిమి చూశాడు. “ముసల్దానికి పానం పోసినవే. ఎన్ని దినాలాగుతది?”

ఈదయ్య బానెట్ దించబోయాడు.

“ఏండ్లాగుతది,” అని జమేదారే చెప్పుకుని, మంచంతో సహా సోమమ్మను లారీలోంచి దింపించాడు.

ఆమెను దవాఖానలో దించి గంటలో లారీ తెచ్చి అప్పజెప్తానని ఈదయ్య కాళ్ళు పట్టుకున్నాడు. కణతకు తుపాకీ ఆనింది. సూర్యాపేటకు తిప్పమన్నారు. కష్టపడి బాగుచేసేది మనం, ఎక్కి ఊరేగేది వాళ్ళు. ఈ రాజ్యంలో ఎప్పుడూ ఇంతే.

బీరన్న మడ్గార్డు పట్టుకుని వేలాడాడు. “నువ్వు జేసిందే గద, ఈదన్నా. నువ్వే పాడుజెయ్, వదిలేస్తరు.”

విప్పడానికి పానా కావాలి. పానా జమేదారు చేతిలో ఉంది. బండి కదిలింది. మలుపు దాకా సోమమ్మ కేక వినిపించి, ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ తర్వాత బీరన్నది.