గుట్ట దిగిన మంద

పాలంపేట దాటి అడవి అంచున ఉండే ఆ ఊరికి ఓ పద్ధతి ఉంది. ఎండలు ముదిరి చెరువు అడుగంటగానే ఊరి ఆవులన్నిటినీ గుట్టకు తోలతారు. తొలకరి దాకా మందా అక్కడే, కాపరీ అక్కడే. పైన ఇప్పచెట్ల నీడ, బండల నడుమ ఊట, కింద ఊళ్లో లేని చల్లగాలి.

ఏటా తోలుకుపోయేది కట్టయ్య. డెబ్బై రెండు కరువులో బండి చక్రం కింద పడి అతని కాలు విరిగింది. మందను నేను తోలుకుపోతానంది అతని భార్య మొగిలమ్మ. ఊరు నవ్వింది. నవ్వదా మరి! పెళ్లయిన నాటి నుంచి మొగుడికి సద్ది మోసి మోసి ఆ గుట్టను రాయి రాయీ ఎరిగిన మనిషని ఎవరికి గుర్తుంటుంది? వేరే దిక్కు లేక ఒప్పుకున్నారు. ఒక్క ఆవు తగ్గినా వచ్చే ఏడు మంద కాపు ఇంకొకరికేనని రైతు ఎల్లస్వామి ముఖం మీదే చెప్పాడు. ఆ కాపు పోతే వాళ్లింట్లో పొయ్యి వెలగదు.

నడి ఎండాకాలంలో ఊట ఎండిపోయింది. మొగిలమ్మ మందను వాగులోకి దింపి, నల్లమద్ది చెట్లు పచ్చగా ఉన్న మలుపులో ఇసుక తోడి చెలిమె తీసింది. నీళ్లు కనబడగానే ఆవులు మీద పడ్డాయి, గుంత కాస్తా పూడిపోయింది. తన బుద్ధిని తానే తిట్టుకుంది. మళ్లీ తోడి, చుట్టూ ముళ్లకంప వేసి, ఒక్కో ఆవుకు కుండతో తాపింది. ముందు చూలువి, తర్వాత ముసలివి. రోజంతా అదే పని.

ఊట ఎండిందన్న మాట విని ఎల్లస్వామి గుట్టెక్కి వచ్చాడు. కంప పక్కన తన ఆవు వంతు కోసం నిలబడి ఉంది. కాసేపు చూశాడు.

"తోలుకపోదామని వచ్చిన. ఉండనియ్ మొగిలమ్మా, నీ దగ్గర్నే పానంతోని ఉన్నది."

తొలివాన పడింది. మంద గుట్ట దిగింది. ఒక్క ఆవూ తగ్గలేదు, పైగా దూడలు పెరిగాయి. పొలిమేరలో "ఎవరి మంద?" అని అడగడం, కాపరి పేరు చెప్పాకే దారివ్వడం ఊరి ఆనవాయితీ. ఎప్పుడూ వినబడేది కట్టయ్య మంద అనే. ఎల్లస్వామి అలవాటుగా అడిగేశాడు. పెనిమిటి పేరు పెళ్లాం నోట పలకకూడదాయె! అందరూ నాలుక కరుచుకున్నారు. మొగిలమ్మ ఆగింది. ఎండకు నల్లబడ్డ మొహం ఎత్తింది. పుట్టాక అంత గర్వం ఆమె ఎన్నడూ ఎరగదు.

"మొగిలమ్మ మంద" అంది.

ఎవరూ పక్కకు జరగలేదు. కర్ర ఊతంతో నిలబడ్డ కట్టయ్య కళ్లు తుడుచుకుని జనం వైపు తిరిగాడు.

"ఇనవడ్డది గదా, ఇంకేం చూస్తాండ్రు? దారియ్యుండ్రి."