గట్టు జరిపిన చేను

“పిల్లలు లేకపోవడం ఒకందుకు మంచిదే అయింది,” అంది మా అత్తయ్య కోటిరత్నం, మిరపకాయ తొడిమ తుంచి పక్కన పడేస్తూ.

ఆదివారం ఉదయం. ఏడాదికి సరిపడా కారం పట్టించడానికి వసారాలో కాయలు పోసుకుని ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె ఆ మాట కోపంతో అనలేదు, దెప్పాలనీ అనలేదు. అసలు ఆ మాట ఆమెది కూడా కాదు. కిందటి వారం గుంటూరు బ్రాడీపేటలోని వీసా కన్సల్టెన్సీకి వెళ్లినప్పుడు అక్కడి కౌన్సెలర్ హారిక, కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకుండా, “పిల్లలు లేరు కదా మేడమ్, ఫైల్ క్లీన్‌గా ఉంటుంది” అంది. ఆ అమ్మాయి చదువు ముగించి ఎంతో కాలమై ఉండదు. ఆమెను తప్పు పట్టలేను. మా ఆయన చైతన్య ఆ మాటను ఇంటికి తెచ్చి, అన్నం తింటూ వాళ్లమ్మకు చెప్పాడు. వారం తిరిగేసరికి అది మిరపకాయల దాకా వచ్చింది. నేను ఇంకో కాయ తీసుకున్నాను. కారం అంటిన చేతులతో కళ్లు తుడుచుకోకూడదు. అందుకని ఇలాంటి పని చేసేటప్పుడు నేను కాస్త జాగ్రత్తగా ఉంటాను.

మర్నాడు ఉదయం ఆస్ట్రేలియాలోని ఒక యూనివర్సిటీ వాళ్లు వీడియోలో నన్ను ఇంటర్వ్యూ చేయాలి. అందులో నెగ్గితే సీటు ఖాయమవుతుంది. సీటు ఖాయమైతే స్టూడెంట్ వీసాకు పెడతాం. “పెడతాం” అని ఇంట్లో అందరూ అంటారు. చదవాల్సింది నేను, వెళ్లాలని ఉన్నది చైతన్యకు. అతను ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ మార్కులు చాలలేదు. మార్టూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పే నేను, పొయ్యి దగ్గర పుస్తకం పెట్టుకుని చదివి, మొదటిసారే గట్టెక్కాను. స్టూడెంట్ వీసా మీద భార్య వెళితే భర్త డిపెండెంటుగా వెళ్లొచ్చు, అక్కడ రోజంతా పని చేసుకోవచ్చు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు ఇది అందరికీ తెలిసిన దారి. మార్కులు వచ్చిన రోజున చైతన్య స్వీట్లు తెచ్చాడు. పంచడం అయ్యాక, “నీది టీచర్ ఇంగ్లీషు. పరీక్షకు పనికొస్తుంది, బయట పనికిరాదు” అన్నాడు. ఇంకో రోజు, “నువ్వంత కష్టపడి చదవక్కర్లేదులే. అటెండెన్స్ ఉంటే చాలు. ఇంత వండి పెట్టు, మిగతాది నేను చూసుకుంటా” అన్నాడు. ఊళ్లో స్నేహితులు “ఏరా, పెళ్లాం వీసా మీద పోతున్నావంటగా” అని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఇంటికొచ్చాక ఆ పూట కూరలో ఉప్పు తప్పకుండా ఎక్కువయ్యేది, లేదా తక్కువయ్యేది.

నాకు వెళ్లాలని లేదా అంటే, ఉంది. డిగ్రీలో నాకు వృక్షశాస్త్రం ఇష్టం. పీజీ చదువుతానంటే “పెళ్లయ్యాక చదువుకో” అన్నారు మా ఇంట్లో. పెళ్లయ్యాక “ఉద్యోగం ఉందిగా, ఇంకా చదువెందుకు” అన్నారు ఈ ఇంట్లో. యూనివర్సిటీ వెబ్‌సైటు మొదటిసారి తెరిచినప్పుడు మొక్కల తెగుళ్ల మీద ఒక కోర్సు కనిపించింది. ఆకు మీద పురుగును భూతద్దంతో చూస్తున్న ఒకామె ఫొటో కూడా ఉంది. రెండేళ్ల కిందట నల్ల తామర పురుగు మా మిరప పూతనంతా రాల్చేసినప్పుడు నేనూ అలాగే చేలో కూర్చుని పువ్వులు విప్పి చూశాను. ఆ కోర్సు హారికకు చూపించాను. “అందులో పీఆర్ కష్టం మేడమ్. మీరెలాగూ టీచరే కదా, చిన్నపిల్లల టీచింగ్ కోర్సు పెట్టుకోండి. అక్కడే స్థిరపడిపోవచ్చు” అంది. చిన్నపిల్లలంటే అక్కడ నెలల బిడ్డల నుంచి ఐదేళ్ల వాళ్ల దాకా. కోర్సులో భాగంగా శిశు కేంద్రాల్లో పని చేయాలి. పాలు పట్టాలి, జోకొట్టాలి, గుడ్డలు మార్చాలి. “సరే, అదే పెట్టండి” అన్నాడు చైతన్య. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏదైనా చెప్పేదాన్నేమో, తెలియదు. చూపించిన చోట సంతకం పెట్టాను.

అంతకు ముందు సెప్టెంబరులో నాకు పాప పుట్టింది. రెండు రోజులు ఉంది.

నేను ఆపరేషన్ కుట్లతో గుంటూరు ఆసుపత్రి మంచం మీద ఉండగానే మామయ్య, చైతన్య పాపను తెల్లగుడ్డలో చుట్టి కారులో తీసుకెళ్లారు. సాయంత్రానికి తిరిగొచ్చారు. ఎక్కడ పెట్టారని అడిగితే, “అవన్నీ నీకెందుకమ్మాయ్, మన చేలోనే” అన్నాడు మామయ్య. పేరు పెట్టకముందే పోయిన బిడ్డను మా వాళ్లు దహనం చేయరు. మగవాళ్లు తీసుకెళ్లి చేలో పాతిపెట్టి వస్తారు. ఆ చోటు తల్లికి చూపించరు. చూస్తే మళ్లీ కడుపు పండదంటారు. పేరు లేదు కాబట్టి పేరు పెట్టి ఏడవడానికీ ఉండదు. నాలుగో రోజున నాకు పాలు పడ్డాయి. అత్తయ్య ఎక్కడి నుంచో మల్లెపూలు తెప్పించి, గుడ్డలో పరిచి, నా రొమ్ములకు కట్టింది. అలా కడితే పాలు ఇంకిపోతాయట. ఎంత బిగించాలో, ఎప్పుడు విప్పి కొత్త పూలు వేయాలో ఆమె చేతులకు తెలుసు. కడుతున్నంతసేపూ నా మొహం చూడలేదు. ఆమెకు ఆ పని ఎలా వచ్చిందో నేను అడగలేదు. అప్పటి నుంచి నేను మల్లెపూలు పెట్టుకోవడం లేదు. ఎందుకు పెట్టుకోవడం లేదని చైతన్య ఒకసారి అడిగాడు.

నవంబరులో మళ్లీ స్కూలుకు వెళ్లడం మొదలుపెట్టాను. మా తెలుగు టీచర్ రెబ్కా సమాధుల పండుగకు సెలవు పెట్టి, మర్నాడు వచ్చి స్టాఫ్‌రూములో నా పక్కన కూర్చుంది. “మా చెల్లి బాబు సమాధికి సున్నం వేసొచ్చాను దివ్యా. జానెడు సమాధి. దానిమీద కూడా కొవ్వొత్తులు పెట్టాం” అంది. తర్వాత, “మీ పాపను ఎక్కడ పెట్టారు?” అని మెల్లగా అడిగింది.

“మా చేలో.”

“చేలో ఎక్కడ?”

బెల్లు కొట్టారు. పుస్తకాలు తీసుకుని క్లాసుకు వెళ్లాను. నేను రోజూ వెళ్లే బస్సు మా చేను పక్క నుంచే పోతుంది. ఆ రోజు నుంచి కిటికీ పక్కన కూర్చుని, ఎక్కడ చూడాలో తెలియక, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తాను. కాయ ఎర్రబడే రోజుల్లో కోతకు దిగిన కూలీలు కనిపిస్తారు. వాళ్ల కాళ్ల వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తాను. ఇప్పుడు వీసా వస్తే ఆ కిటికీ కూడా ఉండదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చైతన్య వసారాలోనే రిహార్సల్ పెట్టాడు. హారిక పంపిన జవాబులు ఫోన్లో తెరిచి, నా ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. మామయ్య యలమంద మంచం మీద నడుం వాల్చి ఉన్నాడు. అత్తయ్య మిగిలిన కాయలు ముందేసుకుని కూర్చుంది.

“ఈ కోర్సే ఎందుకు?” ఇంగ్లీషులో అడిగాడు.

నాకు చిన్నపిల్లలంటే ఎంతో ఇష్టమని, వాళ్లతో గడపడం నా జీవితాశయమని అప్పజెప్పాను.

“నవ్వుతూ చెప్పు. పిల్లలంటే ఇష్టమని అలా మొహం పెడితే ఎవరు నమ్ముతారు?”

నవ్వుతూ మళ్లీ చెప్పాను.

“చదువయ్యాక మీ దేశం తిరిగొస్తారా?”

“తప్పకుండా వస్తాను. నా కుటుంబమంతా ఇక్కడే ఉంది.”

“అబద్ధమైనా భలే చెప్పావు,” అని అతను నవ్వాడు. మామయ్య కూడా నవ్వాడు. “నెక్స్ట్. మీకు పిల్లలున్నారా?”

నేను ఫోను వైపు చూశాను. అక్కడ జవాబు రాసే ఉంది.

“నో అను. ఒక్క అక్షరం దివ్యా. దానికి కూడా ఆలోచించాలా?”

ఆ మధ్యాహ్నం చాలా అబద్ధాలు చెప్పాను. నవ్వుతూ కూడా చెప్పాను. ఈ ఒక్కటి నోటికి రాలేదు. ఇన్నాళ్లూ పాపను మనసులో దాచుకుని, ఎవరో అడగ్గానే లేదని చెప్పడానికి నోరు తెరిచాను, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

“ముందు పాపను ఎక్కడ పెట్టారో చూపించండి,” అన్నాను. “తర్వాత ఇంటర్వ్యూలో కూర్చుంటాను.”

“ఇప్పుడా? రేపు ఇంటర్వ్యూ పెట్టుకుని?”

“రేపే కదా. ఇంకా పొద్దుంది.”

“బెదిరిస్తున్నావా?”

“అడుగుతున్నాను.”

“నాకు సరిగ్గా గుర్తులేదు. నాన్నకే తెలుసు,” అని అతను ఫోనులోకి తల దించుకున్నాడు.

మామయ్య లేచి కూర్చున్నాడు. “ఆడాళ్లు అక్కడికి రాకూడదమ్మాయ్. నీ మంచికే చెబుతున్నా. రేపు మళ్లీ నీ కడుపు పండాలి.”

“పండకపోయినా ఫర్వాలేదు మామయ్యా. ఫైలు క్లీన్‌గా ఉంటుంది.”

అత్తయ్య ఒళ్లో కాయలు దులుపుకుని లేచింది. పంపు దగ్గరకు వెళ్లి, సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడుక్కుని, చెప్పులు వేసుకుని వచ్చి మామయ్య మంచం దగ్గర నిలబడింది.

“లే, పద,” అంది.

“నువ్వెక్కడికే?”

“మా పెద్దోణ్ణి పెట్టిన చోటు కూడా చూపించు.”

చైతన్య తలెత్తాడు. “పెద్దోణ్ణి నేను కదమ్మా?”

మామయ్య చేతికర్ర అందుకుని లేచాడు.

చేను ఊరికి ఆనుకునే ఉంది. నలుగురం నడిచే వెళ్లాం. చివరి కోత అయిపోయి, అక్కడక్కడా ముడుచుకుపోయిన కాయలు చెట్లకే ఎండిపోయి ఉన్నాయి. మురుగు కాలవ వైపు మూల దగ్గర మామయ్య ఆగి, చేతికర్రతో చూపించాడు. “ఇదిగో, ఇక్కడ. కుక్కలు తవ్వకుండా తుమ్మకంప వేశాం.”

కంప ఎండి, నల్లబడి, నేలకు అంటుకుపోయి ఉంది. నేను కూర్చుని దాని పక్కన అరచెయ్యి ఆనించాను. నేల పగుళ్లిచ్చి, వేడిగా ఉంది. బస్సు కిటికీలోంచి ఈ మూల స్పష్టంగా కనిపిస్తుంది. ఇన్ని నెలలూ ఇక్కడ కూడా చూశాను, కానీ తెలియకుండా చూశాను.

“మరి వాడు?” అని అత్తయ్య అడగడం వినిపించింది.

మామయ్య చాలాసేపు అటూ ఇటూ చూశాడు. “అప్పుడు గట్టు ఇటుండేది, దాని వారనే పెట్టాం. పక్క చేను కొన్నాక జరిపాం కదా. దున్నేశాంగా మరి. అదుగో, ఆ సాళ్లలో ఎక్కడో ఉంటుంది.”

“ఆ సాళ్లలో ముప్పై ఏళ్ల నుంచి నేనే కదా కోతకు దిగుతోంది.”

“చెబితే దిగేదానివా?” అన్నాడాయన.

అత్తయ్య చెప్పులు గట్టు మీద విడిచి మిరపచెట్ల మధ్యకు వెళ్లింది. కాలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక్కో అడుగూ చూసుకుంటూ వెళ్లింది. కొంత దూరం పోయాక ఇంకో అడుగు వెయ్యలేక అక్కడే నిలబడింది. చైతన్య గట్టు మీద నుంచి వాళ్లమ్మను చూస్తూ ఉండిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు మేమిద్దరం వెనక నడిచాం.

“వాడికి బాపయ్య అని పేరు అనుకున్నాను. మా నాన్న పేరు. ఎవరికీ చెప్పలేదు,” అంది అత్తయ్య. ఇంకాసేపటికి, “నువ్వూ అనుకునే ఉంటావు” అంది.

“అనుకున్నాను అత్తయ్యా.”

ఏం పేరని ఆమె అడగలేదు. నా చెయ్యి పట్టుకుంది. కడిగినా ఆమె వేళ్లకు కారం మంట ఇంకా ఉంది.

మర్నాడు ఉదయం లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. చైతన్య కెమెరాకు కనపడకుండా దాని వెనక కుర్చీ వేసుకున్నాడు. కుక్కరు కూతపెడుతుందని ఎవరూ చెప్పకముందే అత్తయ్య స్టవ్ ఆపేసి, వంటింటి గుమ్మంలో నిలబడింది. తెర మీద కనిపించిన ఆమె నడివయసు మనిషి, మాట నెమ్మది. నా ఉద్యోగం గురించి, ఊరి గురించి అడిగింది. చెప్పాను. మీకు పిల్లలున్నారా అని అడిగింది. చైతన్య తల అడ్డంగా ఊపాడు.

“ఒక కూతురు,” అన్నాను.

ఆమె మొహం విప్పారింది. పాప వయసెంత అని అడిగింది.

“రెండు రోజులు.”

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. చైతన్య చెయ్యి లాప్‌టాప్ మూత మీదకు వచ్చింది.

“చెయ్యి తియ్యరా,” అంది గుమ్మంలోంచి అత్తయ్య. “అమ్మాయి చెప్పడం ఇంకా అవలేదు.”